నిమ్మకాయల మీద ఆగిన కారు

రాజరాజేశ్వరమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. గుడికొచ్చినట్టు కిందే విప్పేసి, ఎవరన్నా ఎత్తుకుపోతారేమోనని మళ్ళీ చేతిలోకి తీసుకున్నట్టుంది. నందిగామ బస్టాండు ఎదుటి సందులో, పురుగుమందుల కొట్టు మీద ఉన్న ఆ మేడగదికి వచ్చేవాళ్ళంతా ముందు ముక్కు మూసుకుంటారు. ఆవిడకి వాసన తెలిసినట్టే లేదు.

కమలాకుమారి కుర్చీ లాగి వేసింది. పదో తరగతితో చదువాపేసి, డిటెక్టివ్ ఉమాకాంతం దగ్గర సహాయకురాలిగా చేరిన మనిషి ఆమె. వచ్చినవాళ్ళు తమకోసం భయపడుతున్నారా, కన్నబిడ్డలకోసం భయపడుతున్నారా అన్నది ఒక్క చూపులో పసిగడుతుంది. తనకూ ఒక కొడుకున్నాడు. వాడు కాలేజీ నుంచి రావడం కాస్త ఆలస్యమైతే చాలు, బస్సు కాలవలో పడ్డట్టూ, ఎవరో వచ్చి తలుపు కొడుతున్నట్టూ అంతా కళ్ళముందు జరిగిపోతుంది. "మీ భయమే మనకి పెట్టుబడి కమలమ్మగారూ. నేను వెతికి పట్టుకునేది మీకు ముందే కనబడుతుంది" అని ఉమాకాంతం నవ్వుతుంటాడు. ఆయన నవ్వినా ఆమెకి గౌరవమే. ఒకప్పుడు ఇన్సూరెన్సు వాళ్ళకోసం గుద్దుకున్న బండ్లు పరీక్ష చేసినవాడు. నుజ్జయిన కారు చూసి, దాని పక్కన నిలబడ్డవాడు ఏ అబద్ధం చెప్పబోతున్నాడో ముందే చెప్పేవాడు.

"మా పెద్దబ్బాయి పోయాడండీ" అంది రాజరాజేశ్వరమ్మ. "చిన్నవాడు చంపాడంటున్నారు. పెద్దవాడి కోసం ఏడవాలో, చిన్నవాడి కోసం ఏడవాలో తెలియడం లేదు నాకు."

కమలాకుమారి మంచినీళ్ళిచ్చింది. ఆవిడ గ్లాసు పట్టుకుంది గానీ తాగలేదు.

వాళ్ళది జగ్గయ్యపేట. భర్త రామకోటేశ్వరరావుది సిమెంటు, ఇనుము టోకు వ్యాపారం. పెద్దకొడుకు జయదేవ్ కొట్టు చూసుకునేవాడు. చిన్నవాడు అవినాష్‌ది హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం. వాడికి కార్ల పిచ్చి. గేరు తనంతట తనే మార్చుకునే పాత జపాను కారొకటి కొని, ఇంజను బలం పెంచి, చెన్నై దగ్గర జరిగే రేసుకి తయారు చేయించుకుంటున్నాడు. నందిగామలో సొలొమోను అనే మెకానిక్ షెడ్డులో గేరుబాక్సు విప్పించి, టార్క్ కన్వర్టరనే సామాను కొత్తది పెట్టించాడు.

"మొన్న శుక్రవారం ఇంటిముందు పూజ చేశామండీ. విప్పి బిగించిన బండి. పూజ కాకుండా చక్రం కదలడానికి వీల్లేదని మా ఆయన పట్టు. అందుకని లారీ మీదకెక్కించి తెచ్చారు. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. పెద్దవాడు గుమ్మడికాయ దిష్టి తీసి కొట్టాడు. హారతి పళ్ళెం తీద్దామని కారు ముందు వంగాడు. చిన్నవాడు స్టీరింగు దగ్గరున్నాడు. బండి గట్టిగా రంకె వేసింది. కదల్లేదు. ఇంకా వేసింది. తర్వాత ఒక్క దూకు దూకి…"

గేటు స్తంభానికీ కారుకీ మధ్య జయదేవ్ నలిగిపోయాడు.

"వాడు చంపలేదండీ! అసలది కదలకూడదు కదండీ. కదలని బండి అట్లా ఎట్లా దూకుతుంది?"

ఉమాకాంతం ఆవిడవంక ఒక క్షణం చూసి, "బ్రేకు ఇన్‌స్పెక్టరు వచ్చి చూశాడా?" అని అడిగాడు.

"చూశాడండీ. బ్రేకులు బాగున్నాయి, యాక్సిలరేటరు బాగుంది, బండిలో ఏ లోపమూ లేదన్నాడు. మా కోడలు యామిని కావాలనే చంపాడని రాసిచ్చింది. సోమవారం పట్టుకెళతానన్నాడు ఎస్సై. ఒకణ్ణి మట్టిలో పెట్టి వచ్చా. రెండోవాణ్ణి జైల్లో పెట్టనీయకండి బాబూ."

జగ్గయ్యపేటలో ఇంటిముందు షామియానా ఇంకా తీయలేదు. గేటు దాకా సిమెంటు చేసిన వాలు. కారు నిలబెట్టిన చోటు నుంచి గేటువైపు కొద్దిగా ఎత్తు. ఉమాకాంతం గొంతుక్కూర్చుని, నేలకి అతుక్కుపోయిన నిమ్మతొక్కల్ని చూపుడువేలితో గీకాడు. కమలాకుమారి స్తంభం వంక చూడలేక, పనిమనిషి రత్తమ్మ దగ్గరికి వెళ్ళింది.

"నువ్వెక్కడున్నావు రత్తమ్మా అప్పుడు?"

"కారెనకే ఉన్నానమ్మా. పెళ్ళిలో మనకి ముందు చోటెవరిస్తారు, పూజలో ఎవరిస్తారు?"

"బండి అరుస్తున్నప్పుడు వెనక ఎర్రలైట్లు వెలిగాయా?" వెనకనుంచి ఉమాకాంతం అడిగాడు.

"లేదయ్యా. ఎలిగితే నా మొహం మీదే పడేయి గదా. అరుపు అరిచింది, పొగ కొట్టింది. లైటు లేదు, కదలడం లేదు. ఏందీ ఎద్దు రాయైపోయింది అనుకున్నా."

ఉమాకాంతం తలాడించాడు. కమలాకుమారికి ఆ ముఖం తెలుసు. ఆయనకి ఏదో దొరికింది.

లోపల గదిలో యామిని గోడకి ఆనుకుని కూర్చుంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది కానీ మాట పదును పోలేదు.

"డిటెక్టివుని తెచ్చుకున్నారన్నమాట మా అత్తగారు. చచ్చినవాడికి ఎవర్నీ తేలేదు."

"అమ్మా, ముందురోజు అన్నదమ్ములకి గొడవైందట?"

"ఊరంతా విన్నారు. రేసుకి వెళితే ఇంటి గడప తొక్కద్దన్నారు మా ఆయన. ఆయనకేం పట్టిందండీ? తమ్ముడు చస్తాడేమోనని. దానికి వాడేమన్నాడో తెలుసా? 'అడ్డం నిలబడితే తొక్కించుకుంటూ పోతా' అన్నాడు. అన్నట్టే చేశాడు. బ్రేకు మీద కాలు పెట్టి ఇంజను రేపి, ఆయన వంగేదాకా ఆగి వదిలాడు. రేసుల్లో అట్లాగే చేస్తారట గదా. వాడే చెప్పేవాడు."

"చేస్తారమ్మా" అన్నాడు ఉమాకాంతం. "ఆ సామాను పెట్టించడం మీకు ఇష్టమేనా?"

"నాకిష్టమేంటి, కష్టమేంటి. ఆ రోజుల్లో నేను పెనుగంచిప్రోలులో మా పుట్టింట్లో ఉన్నా. తిరునాళ్ళు కదా. తిరునాళ్ళయ్యాకే వచ్చా. వచ్చి ఇది చూశా."

అవినాష్ పెరట్లో నీళ్ళ తొట్టి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసింది. కాళ్ళకి చెప్పుల్లేవు.

"అన్నయ్యతో ఆ మాట అన్నావా బాబూ?"

"అన్నా."

"బ్రేకు తొక్కి ఇంజను రేపావా?"

"లేదు సార్. ఆటోమేటిక్ బండి కదా. బ్రేకు మీద కాలు తీస్తే చాలు, దానంతటదే మెల్లగా పాకుతుంది. నిమ్మకాయల మీదకి అట్లాగే పాకనిద్దామనుకున్నా. పాకలేదు. నాన్న 'తొక్కరా, ముహూర్తం దాటుతోంది' అన్నారు. కొంచెం తొక్కా. ఇంజను అరిచింది, బండి కదల్లేదు. ఇంకొంచెం తొక్కా. అంతే. తర్వాత నాకు తెలియలేదు."

"టార్క్ కన్వర్టరు ఎంపిక చేసింది నువ్వేనా?"

ఆ మాటకి కుర్రాడు మొదటిసారి తలెత్తాడు. కమలాకుమారి పక్కనే ఉన్నదని గమనించి ఆమెకి కూడా అర్థమయ్యేలా చెప్పాడు. "రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టారనుకోండి. ఒకటి తిరిగితే ఆ గాలికి రెండోదీ తిరుగుతుంది. ఇందులో గాలికి బదులు నూనె. ఇంజను ఒక ఫ్యాను, చక్రం రెండోది. ఇంజను ఎంత వేగంగా తిరిగేదాకా చక్రాన్ని గట్టిగా పట్టుకోకుండా జారనిస్తుందో, దాన్ని స్టాల్ అంటారు. కన్వర్టరు వెడల్పు తగ్గేకొద్దీ ఆ జారుడు ఎక్కువ. ఉత్త రేసు బండికి బాగా చిన్నది పెడతారు. ఇంజను పూర్తి బలం అందుకున్నాకే చక్రం పట్టుకుంటుంది, బండి బాణంలా పోతుంది. నాది రోజూ తిరిగే బండి కూడా. బరువెంత, ఇంజను ఎక్కడ బలం చూపిస్తుంది, అన్నీ చెన్నై డీలరుకి చెప్పి, కంపెనీది కంటే కాస్త మాత్రమే చిన్నది, పదించీలది తీసుకున్నా. పెద్ద తేడా ఉండదు. కొంచెం చురుగ్గా లేస్తుంది."

"ఎక్కణ్ణుంచి మాట్లాడావు?"

"ఇక్కడ హాల్లో ఫోన్నుంచే. మా బాబాయి కూతురి పెళ్ళికొచ్చినప్పుడు. అందరూ ఉన్నారు. వదిన టీ తెచ్చింది, నాన్న పేపరు చూస్తున్నారు, అమ్మ నా తలకి నూనె రాస్తోంది. తలంటుపోసుకోరా అని ఒకటే గొడవ."

"తర్వాత ఆ సామాను చూశావా?"

"లేదు సార్. తిన్నగా సొలొమోను షెడ్డుకి పార్సిలు పంపారు. నేను హైదరాబాదులో ఉన్నా. పూజకి ముందురోజే వచ్చా."

ఎస్సై అనుమతితో కారుని నందిగామ షెడ్డుకి లాక్కెళ్ళారు. సొలొమోను గేరుబాక్సు దించుతున్నంతసేపూ తనలో తను గొణుక్కుంటూనే ఉన్నాడు. "నా తప్పేం లేదయ్యగారూ. పార్సిలు వచ్చింది, బిగించా. బిగించడానికే కదా పిలిచారు."

బయటికొచ్చిన ఉక్కు డబ్బా లాంటి కన్వర్టరుని ఉమాకాంతం టేపుతో కొలిచాడు. ఎనిమిదించీలు.

"పదించీలదానికి బదులు ఇదెట్లా వచ్చింది సొలొమోను?"

"నాకేం తెలుసయ్యా! పాతదానికన్నా బాగా చిన్నగా ఉందని నాకూ డౌటొచ్చింది. నేను డీజిలు జీపులు చేసుకునేవాణ్ణి, ఇట్టాంటిది ఎప్పుడూ పట్టుకోలేదు. అందుకే జగ్గయ్యపేట ఇంటికి ఫోన్ చేశా. అమ్మగారెత్తారు. 'అదే పెట్టమన్నాడు బాబు' అన్నారు. ఇంక నేనెవర్ని?"

"ఏ అమ్మగారు?"

"ఆ ఇంట్లో ఇద్దరున్నారు. ఫోన్లో గొంతుకి బొట్టు కనబడుద్దా అయ్యగారూ?"

"ఎప్పుడు?"

"పెనుగంచిప్రోలు తిరునాళ్ళప్పుడండీ. మా షెడ్డులో పనోళ్ళంతా అక్కడికే పోయారు, నేనొక్కణ్ణే ఉన్నా. బిగించాక ఒకసారి రోడ్డు మీద నడిపి చూస్తానంటే పెద్దాయన కేకలేశారు, పూజకి ముందు చక్రం కదిలితే ఊరుకోనని. స్టాండు మీద పెట్టి ఇంజను తిప్పి చూసుకున్నా, అంతే."

ఉమాకాంతం అక్కడినుంచే చెన్నై డీలరుకి ఫోన్ కలిపాడు. కమలాకుమారికి ఇటువైపు మాటలే వినిపించాయి. "అవునండీ… మార్చింది ఎవరు?… ఆడమనిషా… అబ్బాయి చెప్పమన్నాడని అన్నారా… మీరేం చెప్పారు?… పూర్తిగా చెప్పారా?… ఓహో." ఫోన్ పెట్టేసి ఆయన టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

జగ్గయ్యపేట బస్సులో కిటికీ పక్కన కూర్చుని కమలాకుమారే మొదలుపెట్టింది. "యామిని అయ్యుండదు కదండీ. తిరునాళ్ళప్పుడు ఇక్కడ లేదుగా."

"లేదు."

ఆ పైన ఆమెకి వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎవరు ఏ భయంతో ఆ ఫోను ఎత్తారో, ఏ భయంతో ఆ మాట అన్నారో, తనే ఆ ఫోను దగ్గర నిలబడ్డట్టు తెలిసిపోయింది. తనైనా అదే చేసేది.

"సారూ, చెప్పకండి" అంది. "ఇంకేదన్నా చెప్పండి. డీలరు పొరపాటున పంపాడని చెప్పండి. ఈ మాట వింటే ఆ మనిషి బతకదండీ."

"డీలరు రేపు కోర్టులో నిజం చెప్తాడు. సొలొమోనూ చెప్తాడు. అప్పటిదాకా ఆ కుర్రాడు హంతకుడు." ఉమాకాంతం బయటికి చూస్తున్నాడు. "నాకు మాత్రం సరదానా కమలమ్మగారూ? మీకు తోచిన దారి ఏదన్నా ఉంటే చెప్పండి."

చిల్లకల్లు దాటింది బస్సు.

హాల్లో అందరూ కూర్చున్నారు. ఎస్సై టోపీ మోకాలి మీద పెట్టుకున్నాడు. రామకోటేశ్వరరావు పడక్కుర్చీలో, యామిని గుమ్మం దగ్గర, అవినాష్ గోడవార నిలబడి. సొలొమోను గడప అవతలే ఉండిపోతే ఉమాకాంతం లోపలికి పిలిచాడు. రాజరాజేశ్వరమ్మ అందరికీ కాఫీ తెచ్చింది. తెచ్చి, కూర్చోకుండా తలుపు పట్టుకుని నిలబడింది.

"యామినిగారూ, మీ అనుమానం తప్పు కాదు" అని మొదలుపెట్టాడు ఉమాకాంతం. "బ్రేకు తొక్కి, ఇంజను రేపి, మనిషి వంగాక వదిలేస్తే అది హత్యే. కానీ బ్రేకు తొక్కితే వెనక ఎర్రలైట్లు వెలగాలి. వెలగలేదని వెనకే నిలబడ్డ రత్తమ్మ చెప్పింది. ఆ లైట్లు ఇప్పటికీ పనిచేస్తున్నాయి, నేను చూశా. అంటే బ్రేకు మీద కాలు లేదు, ఇంజను అరుస్తోంది, అయినా బండి కదల్లేదు. పట్టి ఆపింది బ్రేకు కానప్పుడు, ఇంజనుకీ చక్రానికీ మధ్యనే ఏదో జారుతోంది."

"బ్రేకు ఇన్‌స్పెక్టరు లోపం లేదన్నాడే?" ఎస్సై అడిగాడు.

"లోపం లేదండీ. సామాను బంగారంలా ఉంది. ఈ బండికి తగింది కాదు, అంతే. ఈ అబ్బాయి పదించీలది ఎంచుకున్నాడు. లోపలున్నది ఎనిమిది. ఉత్త రేసు బండికి పెట్టేది. కాలు తీస్తే పాకే కారు ఇప్పుడు పాకదు. ఎత్తు మీద, నిమ్మకాయలు అడ్డంగా ఉంటే అసలు కదలదు. కొంచెం తొక్కితే అరుస్తుంది, జారుతుంది. ఇంకొంచెం తొక్కేసరికి ఇంజను బలం అందుకుంటుంది, చక్రం ఒక్కసారిగా పట్టుకుంటుంది. ఆ అలవాటు లేనివాడికి ఆపే టైముండదు. సొలొమోను షెడ్డు బయట ఒక్కసారి నడిపి చూసినా ఇది తెలిసేది. చక్రం కదలకూడదన్నారు."

రామకోటేశ్వరరావు ఏదో అనబోయి, కండువా నోటికడ్డం పెట్టుకున్నాడు.

"మార్చిందెవరు?" యామిని లేచి నిలబడింది. "ఎవరు మార్చారో చెప్పండి."

"ఈ అబ్బాయి హాల్లో ఫోన్ పెట్టేసి స్నానానికి వెళ్ళాడు. ఆ ఫోనుకి చివరి నంబరే మళ్ళీ కలిపే రీడయల్ బటనుంది. కాసేపట్లోనే ఈ ఇంటినుంచి చెన్నైకి మళ్ళీ ఫోన్ వెళ్ళింది. మాట్లాడింది ఆడగొంతు. తర్వాత సొలొమోను ఫోన్ చేసినప్పుడు 'అదే పెట్టు' అన్నది కూడా ఆడగొంతే. అప్పుడు మీరు పెనుగంచిప్రోలులో ఉన్నారు. ఇంకొక్క మాట. ఆ బండి చక్రం పూజదాకా ఎవ్వరూ కదిలించలేదు. అది కదలదని ఎవరికీ తెలిసే వీల్లేదు. నా గదికి వచ్చిన రోజు ఒకరు అన్నారు, 'అసలది కదలకూడదు కదండీ' అని."

ఎవరూ అటు తిరగలేదు. తిరగకుండానే అందరికీ తెలిసిపోయింది. తలుపు దగ్గర ట్రే చిన్నగా చప్పుడు చేసింది.

"నేనేనండీ" అంది రాజరాజేశ్వరమ్మ. గొంతు మామూలుగానే ఉంది, కూరలబ్బాయితో మాట్లాడినట్టు. "వాడు రేసులో చస్తాడని నాకు కళ్ళ ముందు కనబడేది. పెద్దవాడు వద్దంటే వినలేదు, ఆయన వద్దంటే వినలేదు. నా మాట ఎప్పుడు విన్నాడు గనక? ఆ బటను నొక్కా. 'బాబూ, బండి లాగనిది ఏదన్నా ఉందా, మావాడు అదే పంపమన్నాడు' అన్నా. ఆయన నవ్వి, 'చిన్నసైజుంది గానీ, మామూలుగా తొక్కితే కదలదమ్మా, రోజూ నడపాలంటే విసుగొస్తుంది' అన్నాడు. నాకదే కావాలి కదండీ. విసుగొస్తే అమ్మేస్తాడు. కదలని బండి ఎవర్ని చంపుద్ది?"

"తర్వాత ఆయన ఇంకా చెప్తున్నాడమ్మా" అన్నాడు ఉమాకాంతం మెల్లగా. "'గట్టిగా తొక్కితే మాత్రం పులిలా దూకుతుంది, జాగ్రత్త' అని. వినకుండా పెట్టేశారట."

"వాడు స్నానం చేసి బయటికొచ్చాడండీ" అంది ఆవిడ. "వింటాడని పెట్టేశా."

కమలాకుమారి దగ్గరికెళ్ళి ట్రే అందుకుంది. ఆ చేతులు చల్లగా ఉన్నాయి. ఏదన్నా అనాలని నోరు తెరిచింది. తప్పు మీది కాదు అనడానికి నోరు రాలేదు, మీదే అనడానికీ రాలేదు.

ఎస్సై టోపీ పెట్టుకున్నాడు. ఇది హత్య కేసు కాదన్నాడు. స్టేషనుకొచ్చి అందరూ చెప్పింది రాసివ్వాలన్నాడు. అవినాష్‌ని సోమవారం రానక్కర్లేదన్నాడు. ఆ ఒక్క మాటకోసమే రాజరాజేశ్వరమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కింది. ఇప్పుడా మాట విని కూడా ఆవిడ ముఖంలో ఏమీ మారలేదు.

అవినాష్ లోపలికెళ్ళి సంచి తెచ్చుకున్నాడు. తండ్రి "ఎక్కడికిరా" అన్నాడు. వాడు సంచి భుజాన వేసుకున్నాడు. వదిన ముందు ఆగి, "నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది వదినా" అన్నాడు. యామిని తల తిప్పుకుంది. వాడు తల్లి వైపు అసలు చూడలేదు. గేటు స్తంభానికి దూరంగా జరిగి వీధిలోకి దిగాడు.

రాజరాజేశ్వరమ్మ రెండడుగులు గబగబా వేసింది. వాడు ఎప్పుడు గడప దాటినా అనే మాట, చిన్నప్పట్నుంచీ అంటున్న మాట, నోటిదాకా వచ్చేసింది.

"ఒరే, జాగ్ర…"

ఆగిపోయింది. కొంగు తెచ్చి నోట్లో కుక్కుకుంది.

"చెప్పండత్తయ్యా" అంది యామిని వెనకనుంచి. "ఆగారేం? పూర్తిగా చెప్పండి."